రేకార్ 75/500 మ్యాక్స్ జంట ఫిల్టర్: దూరం పోయే మోటార్ యాట్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

అట్లాంటిక్‌లో బెర్ముడా నుంచి అజోర్స్ దీవుల్లోని హోర్టా రేవు సుమారు 1,800 నాటికల్ మైళ్లు. ఆరున్నర నాట్లతో, అంటే గంటకు సుమారు 12 కిలోమీటర్ల వేగంతో పోయే మోటార్ యాట్‌కి అది పదకొండున్నర రోజుల దారి. ఒకే ఇంజనున్న పడవైతే ఆ ఒక్కటీ 277 గంటలు గుక్కతిప్పుకోకుండా నడవాలి. మన లెక్కలో చెప్పుకోవాలంటే వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు, అదే వేగంతో నూరు గంటలు. ఇలాంటి దారిలో డీజిల్ ఇంజన్ ఆగిందంటే పిస్టన్ పట్టేయడం, బేరింగు పోవడం అరుదు. చాలామటుకు తేడా డీజిల్ వచ్చే దారిలోనే ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, నీళ్లు చేరి ఉంటాయి, లేదా ఎక్కడో ఎయిర్ పట్టి ఉంటుంది. అందుకే ఇంజన్ రూములో మెరిసే సామాన్ల మధ్య డీజిల్‌ని వడకట్టే ఈ అల్యూమినియం డబ్బాల జంటకి ఇంత సమీక్ష.

పార్కర్ కంపెనీ వారి రేకార్ టర్బైన్ వరసలో 500, 900, 1000 అని మూడు సైజులు. 75/500 మ్యాక్స్ అంటే రెండు 500 ఫిల్టర్లని ఒకే స్టాండుకి బిగించి, మధ్యలో ఒకే వాల్వు పెట్టిన సెట్టు. హ్యాండిల్ తిప్పితే డీజిల్ ఎడమ దాన్లోంచి, కుడి దాన్లోంచి, లేదా రెండిట్లోంచీ పోతుంది. నాలుగో స్థానంలో పూర్తిగా బంద్. ఇంజన్ నడుస్తుండగానే ఒకదాన్ని పక్కకి తప్పించి ఎలిమెంట్ (లోపలుండే కాగితపు వడపోత) మార్చుకోవచ్చు. ఇంత డబ్బు పోసేది ఈ ఒక్క సౌకర్యం కోసమే. దాన్ని వాడుకోకుండా చేసుకునే తప్పులు మాత్రం బోలెడు, వాటి సంగతి కింద వస్తుంది.

లోపల జరిగే పని పాత ట్రాక్టర్ల సెడిమెంట్ గ్లాసు చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. డీజిల్ లోపలికి రాగానే టర్బైన్ రెక్కలు దాన్ని గిర్రున తిప్పుతాయి. బరువైన నీటి బొట్లు, ఇసుక, తుప్పు రేణువులు అంచుకి కొట్టుకుని కింద గిన్నెలోకి జారతాయి. ఇంకా సన్నగా మిగిలిన బొట్లు శంకువు లాంటి రేకు మీద ఒకటితో ఒకటి కలిసి పెద్దవై పడతాయి. ఆ తర్వాతే డీజిల్ కాగితపు ఎలిమెంట్ బయటి నుంచి లోపలికి దూరి, నడిమధ్య గొట్టం గుండా ఇంజన్ వైపు పోతుంది. మురికంతా ఎలిమెంట్ బయటి మడతల్లోనే ఆగుతుంది కాబట్టి పైకి తీసి చూడగానే ట్యాంకు పరిస్థితి తెలిసిపోతుంది. నల్లగా జిగురుగా ఉంటే ఫంగస్, ఎర్రగా గరుకుగా ఉంటే తుప్పు.

సైజు ఎంచుకోవడంలోనే చాలామంది మొదటి పొరపాటు చేస్తారు. 500 సామర్థ్యం గంటకు 227 లీటర్లు, 900ది 341, 1000ది 681. "మా ఇంజన్ గంటకు 11 లీటర్లే కాలుస్తుంది, 500 చాలదా?" అనుకుంటారు. చూడాల్సింది కాల్చే లెక్క కాదు, ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే ఫీడ్ పంపు లాగే లెక్క. డీజిల్ ఇంజన్ తాను కాల్చేదానికన్నా ఎక్కువ లాగి, మిగిలింది రిటర్న్ పైపులో ట్యాంకుకి పంపేస్తుంది. పంపు గంటకు 60 లీటర్లు లాగుతుంటే బెర్ముడా–హోర్టా దారిలో కాలేది 3,000 లీటర్లే అయినా ఫిల్టర్లోంచి పోయేది 16,600 లీటర్లు. మెకానికల్ పంపున్న 100–150 హార్స్‌పవర్ ఇంజన్‌కి 500 నిక్షేపంగా సరిపోతుంది. కామన్ రైల్ ఇంజన్ (అన్ని నాజిళ్లకీ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకం) అయితే దాని పుస్తకంలో ఫీడ్ పంపు లాగే పరిమాణం చూసి, అవసరమైతే 900కి వెళ్లండి. అంచు మీద సరిపోయే సైజు పెడితే ఎలిమెంట్ త్వరగా పూడుకుంటుంది, టర్బైన్ దగ్గర నీళ్లు విడిపోవడమూ తగ్గుతుంది.

చోటు కూడా కొలుచుకోండి. 500 ఎత్తు సుమారు 29 సెంటీమీటర్లు, పైన ఎలిమెంట్ లాగడానికి ఇంకో 10 కావాలి. 1000 అయితే 56, పైన 25. గిన్నె కింద లీటరు సీసా పట్టేంత ఖాళీ ఉంచమని ఎవరూ చెప్పరు. అది లేకపోతే నీళ్లు తీసిన ప్రతిసారీ డీజిల్ బిల్జిలోకే, అంటే పడవ అడుగులోకే పోతుంది.

గేజ్ లేకపోతే సగం విలువ పోయినట్టే

మూతని బిగించే టీ-హ్యాండిల్ స్థానంలో పెట్టుకునే వాక్యూమ్ గేజ్ దొరుకుతుంది. సెట్టు కొన్న రోజే దాన్నీ కొనండి. ఎలిమెంట్ పూడుకునేకొద్దీ పంపు గట్టిగా లాగాల్సి వస్తుంది, ఆ లాగుడే గేజ్ మీద పాదరసం అంగుళాల్లో కనబడుతుంది. కొత్త ఎలిమెంట్ వేసి, మామూలు వేగంలో ఇంజన్ నడుపుతూ ముల్లు ఎక్కడుందో చూసి లాగ్ పుస్తకంలో రాసుకోవాలి. సాధారణంగా 0 నుంచి 2 మధ్య ఉంటుంది. అక్కడి నుంచి నాలుగైదు పెరిగితే మార్చే ఏర్పాట్లు మొదలుపెట్టండి. 7 దాటాక ఆలస్యం చేయకూడదు, 10 దగ్గరికి వచ్చేసరికి ఆర్‌పీఎం తగ్గడం, ఇంజన్ ఎగుడుదిగుడుగా తిరగడం మొదలవుతుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, అనుభవజ్ఞులు కూడా దీని దగ్గర బోల్తా పడతారు. ట్యాంకులో డీజిల్ మట్టం ఒక మీటరు దిగితే, మురికి ఏమీ లేకపోయినా గేజ్ దాదాపు 2.4 అంగుళాలు ఎక్కువ చూపిస్తుంది. లీటరు డీజిల్ బరువు 0.84 కిలోలు లెక్కేస్తే వచ్చే అంకె అది. ప్రయాణం మొదట్లో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు 1, పదో రోజున 3.5 చూపిస్తే ఎలిమెంట్ పాడైందని హడావుడి పడక్కర్లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ట్యాంకు ఫిల్టర్ కన్నా ఎత్తులో ఉంటే ఎలిమెంట్ సగం పూడినా గేజ్ సున్నా దగ్గరే కూర్చుంటుంది. అందుకని అంకె పక్కనే ట్యాంకు మట్టం, ఆర్‌పీఎం కూడా రాసుకుంటేనే ఆ పుస్తకానికి అర్థం. ఆగిన చోటే నిలిచిపోయే రెండో ముల్లున్న గేజ్ ఇంకా మంచిది. రాత్రి పడవ ఎగిరెగిరి పడినప్పుడు ముల్లు ఎంతదాకా పోయిందో తెల్లారి చూసుకోవచ్చు.

ఇంజన్ ఆగాక కూడా ముల్లు 5 దగ్గరే ఉండిపోతే కంగారు పడకండి, లాగుడు లోపల నిలిచి ఉందంటే పైపులు బిగుతుగా ఉన్నట్టే. వెంటనే సున్నాకి జారిపోతుంటే ఎక్కడైనా గాలి దూరుతోందేమో చూసుకోవచ్చు.

రెండూ కలిపి నడపకండి

హ్యాండిల్‌ని రెండు ఫిల్టర్ల స్థానంలో పెట్టి వదిలేసే అలవాటు చాలా పడవల్లో ఉంది. రెండు ఉన్నాయి కదా, రెండూ పనిచేస్తే మంచిదేగా అని. అలా నడిపితే రెండూ ఒకే పాళ్లలో పూడుకుంటూ వస్తాయి. అలజడి సముద్రంలో ట్యాంకు అడుగు మురికి లేచిన రాత్రి రెండూ ఒకేసారి ముక్కు మూస్తాయి, మారడానికి శుభ్రమైనది మిగలదు. పోగేసుకున్న డబ్బంతా పోసి కొన్న సెట్టు ఒంటి ఫిల్టర్‌తో సమానమవుతుంది. ఎప్పుడూ ఒకదాని మీదే నడపండి. రెండోది కొత్త ఎలిమెంట్‌తో, అంచుదాకా డీజిల్‌తో, ఎయిర్ తీసి సిద్ధంగా ఉండాలి.

నడిసముద్రంలో మార్చే పద్ధతి ఇదీ. ముందు ఇంజన్‌ని తక్కువ ఆర్‌పీఎంకి దించి, హ్యాండిల్‌ని శుభ్రమైన వైపు తిప్పండి. రెండు మూడు నిమిషాలు గేజ్ చూస్తూ నిలబడండి, ఇంజన్ సాఫీగా ఉంటే పాత దాని జోలికి పోవచ్చు. గిన్నె కింద గాజు సీసా పెట్టి, టీ-హ్యాండిల్ కాస్త వదులు చేసి, డ్రెయిన్ తెరవండి. పైన గాలి దారి ఇవ్వకపోతే కింద చుక్క రాదు. సీసాని వెలుతురుకి పట్టి చూస్తే నీళ్లు అడుగున వేరుగా గీత గీసినట్టు కనబడతాయి. గీతకి పైన మబ్బులా, తెట్టులా ఉంటే అది ఫంగస్. డ్రెయిన్ మూసి, మూత తీసి, ఎలిమెంట్ పైనున్న కమ్మీ పట్టుకుని మెల్లగా మెలి తిప్పుతూ లేపండి. కింద పాత తువ్వాలో పిల్లల డైపరో పరుచుకోండి. డైపర్ డీజిల్‌ని బాగా పీలుస్తుంది, కాటన్ వేస్ట్ లాగా పోగులు రాలవు. కొత్త ఎలిమెంట్‌ని నడిమి గొట్టం మీద మెలితిప్పుతూ కూర్చోబెట్టి, శుభ్రమైన డీజిల్ అంచుదాకా పోయండి. పోసేది ఎలిమెంట్ బయటి వైపు పడుతుంది కాబట్టి అది కూడా వడకట్టుకునే పోతుంది. అయినా దుమ్ము క్యానులోంచి పోయకండి. ఇందుకోసమే మూతున్న ఐదు లీటర్ల డబ్బా ఒకటి వేరుగా ఉంచుకోవాలి. మూత ప్యాకింగుకి వేలితో కాస్త డీజిల్ రాసి, టీ-హ్యాండిల్ చేత్తోనే బిగించండి. పానా వాడితే ప్యాకింగు నలిగిపోతుంది, తర్వాతసారి మూత ఊడిరాదు.

మొత్తం పది నిమిషాల పని. రాత్రి రెండింటికి, పడవ పక్కకి ఊగుతుండగా, ఇంజన్ రూము 45 డిగ్రీలుండగా ఇరవై అనుకోండి. రేవులో కట్టేసి ఉన్నప్పుడు ఒకటికి రెండుసార్లు చేసి చూసుకున్నవాళ్లకి అది చేతిలో పనే.

ఇక అసలు జాగ్రత్త. పాత మూత ప్యాకింగు తరచూ మూత గాడిలోనే అతుక్కుపోయి ఉంటుంది. నల్ల గాడిలో నల్ల రబ్బరు, పైగా డీజిల్ తడి, టార్చి వెలుగులో కంటికి ఆనదు. కొత్త ఎలిమెంట్ డబ్బాలో కొత్త ప్యాకింగు వస్తుంది, దాన్ని కింద అంచు మీద పెట్టి మూసేస్తారు. ఒకదాని మీద ఒకటి రెండు పడ్డాయి. చేతికి బిగుతుగానే తగులుతుంది, ఒక్క చుక్క కూడా కారదు. అక్కడ లోపలికి లాగుడే తప్ప బయటికి ఒత్తిడి ఉండదు కాబట్టి డీజిల్ కారదు, గాలి దూరుతుంది. గంటో రెండు గంటలో నడిచాక ఇంజన్ దగ్గి ఆగిపోతుంది. ఎలిమెంట్ మార్చిన కొద్దిసేపటికే ఎయిర్ పట్టిందంటే ముందు మూత తీసి గాడిలో గోరు పెట్టి గీరి చూడండి. టీ-హ్యాండిల్ కిందుండే చిన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్టు) మర్చిపోవడం దీని తర్వాతి తప్పు. డబ్బాలో చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది, చాలామంది డబ్బాతో పాటు పారేస్తారు.

వాల్వు హ్యాండిల్ విషయంలో నాకున్న ఫిర్యాదు ఒకటి. కంగారులో ఉన్న మనిషి దాన్ని చూసి ఏ వైపు నడుస్తోందో, ఏ వైపు మూసి ఉందో ఒక్క క్షణంలో చెప్పలేడు. ఇంత ధర పెట్టినప్పుడు ఇంకొంచెం పెద్ద గుర్తులు వేయాల్సింది. రేవులోనే ఇంజన్ నడుపుతూ ఒక్కో స్థానం తిప్పి, తెల్ల పెయింట్‌తో ఎల్, ఆర్ రాసుకోండి. అదే సమయంలో ఇంకో పరీక్ష కూడా చేయాలి. ఎడమ దాని మీద ఇంజన్ నడుస్తుండగా కుడి దాని మూత తీసి, డీజిల్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి, అరగంట చూడండి. మట్టం తగ్గుతుంటే వాల్వు లోపలి సీలు కారుతోంది. అలాంటి సెట్టు మీద నమ్మకం పెట్టుకుంటే, మార్చే పని మధ్యలో నడిచే వైపుకి ఎయిర్ పోయి ఇంజన్ ఆగుతుంది. పాత పడవ కొనేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. కుడి వైపుకి కూడా చేయండి.

ఎంత సన్నని ఎలిమెంట్?

500కి సరిపడే ఎలిమెంట్ల నంబరు 2010. చివరి అక్షరాలని బట్టి రంధ్రాల సైజు: 2010ఎస్‌ఎం 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గోధుమ రంగు, 2010టీఎం 10, నీలం, 2010పీఎం 30, ఎరుపు. 900కి 2040, 1000కి 2020. సన్ననిదైతే మంచిదనుకుని ఇంజన్‌కి ముందుండే ఈ రేకార్‌లోనే 2 మైక్రాన్లది వేస్తే అది వారంలో చచ్చిపోతుంది, ఇంజన్ మీదున్న రెండో ఫిల్టర్‌కి చేయడానికి పని ఉండదు. ముందు 10 లేదా 30, ఇంజన్ మీది ఫిల్టర్ అంతకన్నా సన్ననిది, ఇదీ వరస. నా సలహా అయితే మామూలుగా నీలం. తెలియని రేవులో డ్రమ్ముల్లోంచి డీజిల్ ఎక్కించుకున్నాక మొదటి రెండు రోజులు ఎరుపు. ఇంజన్ మీది ఫిల్టర్ మార్చాలంటే మాత్రం ఇంజన్ ఆపక తప్పదు కాబట్టి దాన్ని కాపాడడమే ముందున్న దాని ఉద్యోగం.

పైపు కలిపే చోట 500కి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 దారాల (మర చుట్ల) ఓ-రింగు పోర్టు ఉంటుంది. 900, 1000లకి ఏడు బై ఎనిమిది అంగుళం, 14 దారాలు. ఇది నీళ్ల పైపుల్లా సన్నబడే దారం కాదు. దీంట్లోకి సన్నబడే దారం ఫిట్టింగు కొట్టి తెల్ల టేపు చుట్టడం మన దగ్గర మామూలు. గాలి ఆగదు, పైగా టేపు పీలికలు కోసుకుపోయి పంపుకి, నాజిళ్లకి అడ్డం పడతాయి. సరైన ఓ-రింగు ఫిట్టింగులే తెప్పించండి. పైపు కూడా మంటకి రెండున్నర నిమిషాలు తట్టుకునే ఐఎస్‌వో 7840 రకం అయి ఉండాలి. ఫిల్టర్‌లోనూ అదే సంగతి: ప్లాస్టిక్ గిన్నె కింద స్టీలు కవచం ఉన్న సముద్రపు రకమే తీసుకోండి, లారీలకి వాడే కవచం లేని 500ఎఫ్‌జీ ధర తక్కువని ఆశపడొద్దు. ఇంజన్ రూములో చిన్న మంట లేస్తే మొదట కరిగేది ఆ గిన్నే.

గిన్నెని స్పిరిట్‌తో గానీ బ్రేక్ క్లీనర్‌తో గానీ తుడవకండి. కంటికి కనబడని సన్న పగుళ్లు పట్టి, ఒకరోజు నిలువునా చీలుతుంది. డీజిల్, మెత్తటి గుడ్డ చాలు. బయటి రంగు ఉప్పు గాలికి బుడగలెత్తి ఊడడం ఈ ఫిల్టర్‌కి పాత జబ్బు. చూపుకి వికారమే తప్ప పనికి అడ్డు కాదు, కానీ మూత అంచు దగ్గర తెల్ల పొడి కనిపిస్తే వెంటనే గీకి శుభ్రం చేయాలి. ప్యాకింగు కూర్చునే చోట గుంట పడితే ఇక డబ్బా మార్చాల్సిందే.

మూత తీయగానే డీజిల్ దానంతటదే వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోందా? లోపలికి వచ్చే దారిలో ఒక చిన్న బంతి ఉంటుంది, వెనక్కి పోకుండా ఆపేది అదే. దాని కింద ఇసుక రేణువో, పెయింట్ పెచ్చో ఇరుక్కుని ఉంటుంది. గిన్నె విప్పి, బంతి, దాని సీలు కడిగి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. గిన్నె ప్యాకింగు ఒకటి చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

నీళ్లు, ఫంగస్

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు వైజాగ్, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి, చాలావాటిలో ట్యాంకు సగం ఖాళీ. పగలు ఎండకి ట్యాంకులో గాలి వేడెక్కి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తడిగాలిని లోపలికి పీలుస్తుంది. ఆ తడి గోడలకి చెమటలా పట్టి అడుగుకి చేరుతుంది. డీజిల్‌కీ నీళ్లకీ మధ్య గీత దగ్గరే ఫంగస్ పెరుగుతుంది. చలికాలం మెరీనాలో కట్టేసిన యాట్‌కి జరిగేదీ ఇదే, తేడా వేడిలోనే. జూన్ 15న వేటకి పోగానే మొదటి అలకే ఆ తెట్టంతా లేచి ఫిల్టర్‌ని మూస్తుంది.

దీనికి రేకార్ మందు కాదు. అది ఆఖరి కాపలా మాత్రమే. కట్టేసేటప్పుడు ట్యాంకు నింపి, అడుగు డ్రెయిన్ నుంచి నీళ్లు తీసి, మందు కలపాలి. బయోబార్ జేఎఫ్ లాంటిదైతే ఫంగస్ పట్టిన ట్యాంకుకి 270 పీపీఎం (పది లక్షల పాళ్లకి 270), ఆ తర్వాత నిలబెట్టడానికి 135. మూడు వేల లీటర్లకి మొదటిసారి సుమారు 600 మిల్లీలీటర్లు, తర్వాత 300. ప్రయాణానికి ముందురోజు మాత్రం పోయకండి. చచ్చిన ఫంగస్ గోడల నుంచి ఊడి రెండు మూడు రోజులు ఎలిమెంట్లని వరసగా తినేస్తుంది. ఆ తంతు రేవులోనే ముగియాలి. కొత్త డీజిల్ గురించి కూడా ఒక మాట: 2020 నుంచి మన దగ్గర అమ్మే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించదు. దాంట్లో కలిపే పదార్థాలు, బయోడీజిల్ నీటిబొట్లని చిన్నవిగా పట్టి ఉంచుతాయి కాబట్టి టర్బైన్ దగ్గర నీళ్లు విడిపోవడం పాత డీజిల్‌లో ఉన్నంత బాగా ఉండదు. గిన్నె స్వచ్ఛంగా ఉందని నిశ్చింతగా ఉండకుండా రోజుకొకసారి సీసాలో పట్టి చూడాలి.

డీజిల్‌ని ట్యాంకులోంచి తీసి వడకట్టి మళ్లీ ట్యాంకులోకే పంపే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు. ఒక్కసారి తిప్పితే సరిపోదు, శుభ్రమైనది మురికిదానితో కలిసిపోతూ ఉంటుంది కాబట్టి మూడో వంతు పైనే మురికి మిగులుతుంది. మూడుసార్లు తిప్పితే సుమారు 5 శాతానికి దిగుతుంది. మూడు వేల లీటర్లు, గంటకు 300 లీటర్ల పంపు అయితే ముప్పై గంటలు. ఈ పనికి 500 వద్దు, ఒంటి 1000 చాలు. అంతకన్నా మంచి పద్ధతి డే ట్యాంకు: పెద్ద ట్యాంకుల నుంచి 1000 గుండా వడకట్టి ఎత్తులో ఉన్న చిన్న ట్యాంకుకి ఎక్కించి, అక్కడి నుంచి జంట ఫిల్టర్ గుండా ఇంజన్‌కి. అప్పుడు 75/500లో ఎలిమెంట్ మార్చాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు.

అయినా ఎయిర్ పట్టి ఇంజన్ ఆగితే? మెకానికల్ పంపున్న దానికి ఇంజన్ ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీట కొడుతూ బుడగలు ఆగేదాకా చూడాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ నట్లు ఒక్క చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. కామన్ రైల్‌కి నాజిల్ పైపులు ముట్టుకోవద్దు, అక్కడ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, సన్నటి చిమ్ము చర్మాన్ని చీల్చేస్తుంది. దానికి పైపుల్లోకి డీజిల్ నింపే ఎలక్ట్రిక్ ప్రైమింగ్ పంపు ఒక్కటే దారి. ఒక్కోసారికి పదిహేను సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో మోటార్‌ని చల్లారనివ్వండి. నీళ్లు కలిసే సైలెన్సర్ ఉన్న పడవైతే సెల్ఫ్ కొట్టేముందు సముద్రపు నీటి వాల్వు మూయడం మరవద్దు. ఇంజన్ అందుకోకుండా కొట్టిన ప్రతిసారీ పంపు నీళ్లు లాగి సైలెన్సర్ నింపుతుంది. పొగ ఒత్తిడి లేక ఆ నీళ్లు బయటికి పోవు, వెనక్కి సిలిండర్లలోకి వస్తాయి. చిన్న ఎయిర్ సమస్య ఇంజన్ విప్పే పనిగా మారేది ఇక్కడే. అందుకోగానే వాల్వు తెరవడం కూడా అంతే ముఖ్యం.

పోటీలో ఉన్నది జర్మనీ వారి సెపార్ 2000. దాంట్లో ఇంజన్ ఆపి, గాలి స్క్రూ తెరిచి డ్రెయిన్ వదిలితే పైనున్న డీజిల్ కిందికి దూకి ఎలిమెంట్‌కి అంటిన మురికిని కొంత కడిగేస్తుంది. ఎలిమెంట్లు దొరకని చోట ఇది పెద్ద వరం. కానీ విప్పడానికి పానా పట్టాలి, రేకార్‌లా ఒక్క పిడి తిప్పితే తెరుచుకోదు. 2010 ఎలిమెంట్ దాదాపు ప్రతి పెద్ద పడవల రేవులో దొరకడం రేకార్‌కి ఉన్న అసలు బలం. అందుకే నకిలీలూ ఎక్కువ. డబ్బాలో ప్యాకింగులు లేకపోయినా, అడుగు రబ్బరు నడిమి గొట్టం మీద వదులుగా కూర్చున్నా తిప్పి పంపేయండి. అది పక్క నుంచి మురికి డీజిల్‌ని నేరుగా ఇంజన్‌కి పంపుతుంది, గేజ్ మాత్రం కొత్తదానిలా 1 దగ్గరే ఉంటుంది.

అట్లాంటిక్ దాటే పడవలో నీలం ఎలిమెంట్లు పన్నెండు, ఎరుపు ఆరు, ఇంజన్ మీది ఫిల్టర్లు నాలుగు, మూత ప్యాకింగులు, గిన్నె ప్యాకింగు, బంతి సీలు, అదనపు టీ-హ్యాండిల్ ఓ-రింగులు ఒక మూతున్న డబ్బాలో ఉండాలి. అదీ ఇంజన్ రూము వేడికి దూరంగా. డీజిల్ మీద అనుమానం ఉంటే ఎలిమెంట్ల లెక్క రెట్టింపు చేయండి.

ఇప్పటికే బాగా పనిచేస్తున్న ఒంటి 500 ఉన్నవాళ్లు దాన్ని పీకేసి ఈ సెట్టు కొనక్కర్లేదు. పక్కన ఇంకో 500 బిగించి, వచ్చే దారిలో ఒకటి, పోయే దారిలో ఒకటి మూడు దారుల ఇత్తడి వాల్వులు పెడితే అదే పని తక్కువలో అవుతుంది. రెండు హ్యాండిళ్లు తిప్పాలి, అంతే. తిప్పేటప్పుడు రెండూ ఒకే వైపుకి తిరిగాయో లేదో చూసుకోవాలి, లేదంటే డీజిల్ ఒకదాన్లోకి వచ్చి రెండోదాన్లోంచి పోలేక ఇంజన్ ఆగిపోతుంది.